బతికున్న బాబాయ్‌కి ఓం శాంతి

బతికున్న మనిషి ఇంటికి పూలదండ పట్టుకొని మీలో ఎవరైనా వెళ్లారా? నేను వెళ్లాను. అదీ ఏడ్చుకుంటూ. ఇంకా ఘోరం ఏటంటే, ఆ మనిషి పోయాడన్న వార్త పుట్టించిందీ నేనే, దాన్ని నమ్మి ఏడ్చిందీ నేనే! ఆగండి, అప్పుడే నవ్వకండి. మొత్తం విన్నాక నవ్వాలో లేదో మీరే చెప్పండి. నాకైతే ఇప్పటికీ సగం నవ్వే వస్తోంది.

నేను ఒడిశాలోని బరంపురం గేట్ బజార్‌లో ఒక అప్పడాలు, ఆవకాయల కంపెనీలో ఆఫీసు చూసుకుంటాను కదా. కంపెనీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. కింద షాపు, మేడ మీద ఆఫీసు, పాత్రపూర్‌లో ఆడవాళ్లు అప్పడాలు ఒత్తే రేకుల షెడ్డు. అంతే. కానీ ఈ మధ్య ఆన్‌లైన్ ఆర్డర్లు పెరిగిపోయాయి. భువనేశ్వర్ నుంచి, వైజాగ్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో. జాడీల దగ్గర కన్నా కంప్యూటర్ దగ్గరే పని ఎక్కువైపోయింది.

అలాంటి టైములో మా వీధిలోనే ఒక బట్టల హోల్‌సేల్ షాపుకి దెబ్బ తగిలింది. వాళ్లకి ఎప్పుడూ సరుకు పంపే పార్టీ పేరుతోనే మెసేజ్ వచ్చిందట, మా బ్యాంకు అకౌంట్ మారింది, ఇకనుంచి ఇందులో వెయ్యండి అని. వేసేశారు. తీరా చూస్తే ఆ పార్టీ అకౌంట్ ఏమీ మారలేదు. ఆ షాపాయన తెరిచిన షట్టర్ కింద స్టూలు వేసుకొని, గిరాకీ వచ్చినా లేవకుండా అలా రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆయన్ని దాటుకొని రోజూ ఆఫీసుకి తల దించుకొని వెళ్లేదాన్ని.

మా ఓనరు సూర్యం గారు నన్ను పిలిచారు.

"లలితా, రేపు మనకిలాగైతే ఏటి గతి?"

"సార్, మన కంప్యూటర్ల పాస్‌వర్డ్ ఏటో తెలుసా? మన అప్పడాల ప్యాకెట్ మీద పేరు. పక్కన ఒకటి రెండు మూడు. అది కూడా గోడ మీద కేలండర్‌లో రాసుంది" అన్నాను.

ఆయన తలెత్తి కేలండర్ చూశారు. నిజమే. ఏకాదశి పక్కన, ఎర్ర ఇంకుతో.

"ఇయ్యాల్టి నుంచి ఈ సెక్యూరిటీ పనంతా నువ్వే సూడు" అనీసారు.

అలా నేను సెక్యూరిటీ ఇన్‌ఛార్జిని అయ్యాను. జీతం మారలేదు కానీ పేరు మారింది. వ్యాపారస్తుల కోసం ఎవరో ట్రైనింగ్ పెడితే వెళ్లాను, శ్రద్ధగా విన్నాను. వచ్చి పాస్‌వర్డులన్నీ మార్చీసాను. ఒకరిది ఒకరికి చెప్పకూడదన్నాను. ఏ మెసేజ్ వచ్చినా, ఎవరు పంపినా, ఫోన్ చేసి గొంతు విన్నాకే నమ్మండి అని పొద్దున్నా సాయంత్రం చెప్పాను. మా వ్యాను డ్రైవర్ ప్రఫుల్ల ఒడియావాడు, తెలుగు బాగా మాట్లాడతాడు. నేను మేడ దిగుతుంటే చాలు, "ఫోన్ సేసి నమ్మాలి దీదీ, ఫోన్ సేసి నమ్మాలి" అని నాకన్నా ముందే పాఠం అప్పజెప్పీసేవాడు.

అన్నీ అయ్యాయి. ఒక్కటి మిగిలింది. అది స్వామి బాబాయ్.

అప్పలస్వామి గారు మా కంపెనీకి మొదటినుంచీ అకౌంటెంటు. నాకు పని నేర్పిందే ఆయన. అందుకే బాబాయ్ అంటాను. కిందటేడు రిటైరయ్యారు. దండ వేసి, శాలువా కప్పి, ఫోటో తీసి పంపించాం. మనిషిని పంపించాం కానీ, బ్యాంకుకీ, జీఎస్టీకీ, కొరియర్‌కీ ఇచ్చిన ఫోన్ నంబరు మాత్రం ఆయన దగ్గరున్నదే. సిమ్ కంపెనీదే అయినా, అన్నేళ్లుగా ఆయనకి ఉన్న నంబరు అదొక్కటే. దాంతో మేం ఇక్కడ ఏ బటన్ నొక్కినా ఓటీపీ అంకులి పేటలో ఆయన ఇంట్లో మోగేది.

"బాబాయ్, ఓటీపీ వొచ్చిందా?"

"వొచ్చిందమ్మా. రాసుకో" అని ఒక్కో అంకే తీరిగ్గా చదివేవారు. ఒకరోజు నేను, ఒకరోజు కౌంటరు పిల్లలు, ఒకరోజు ప్రఫుల్ల. ఎవరు అడిగినా చెప్పేవారు. ఆఫీసులో ఆయన్ని ఓటీపీ బాబాయ్ అనేవాళ్లం.

ట్రైనింగులో మాకు చెప్పిన మొదటి సంగతే అది. పని మానేసినవాళ్ల దగ్గర కంపెనీ తాళాలు ఉండకూడదు. మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని కాదు. ఉండకూడదు, అంతే. ఇప్పుడు గొంతులు కూడా దొంగతనం చేస్తున్నారట, మా వ్యాపారులకి కూడా ఆ మాట చెప్పాను. రేపు ఎవడైనా నా గొంతుతో ఆయనకి ఫోన్ చేస్తే ఆయన అంకెలు చదివేస్తారు. తప్పు ఆయనది కాదు, పద్ధతిది.

సోమవారం సాయంత్రం అంకులి వెళ్లాను. వరండాలో కూర్చొని ఉన్నారు. చెప్పాను. ఎలా చెప్పాలో ఆటోలో అంతసేపు అనుకున్నాను కానీ అక్కడికి వెళ్లాక తిన్నగా మాట రాలేదు.

"నా మీద ఏటైనా అనుమానమా లలితమ్మా?" అనడిగారు. కోపంగా కాదు. లెక్కలో తేడా వస్తే ఎలా అడిగేవారో అలా అడిగారు.

"అయ్యో, కాదు బాబాయ్. అందరికీ ఒకటే రూలు."

"రూలైతే సరే."

పిన్నమ్మని పిలిచి పిన్నీసు తెమ్మన్నారు. దాంతో ఫోన్ పక్కనున్న చిన్న రంధ్రంలో గుచ్చి సిమ్ తీసి, తుడిచి, నా చేతిలో పెట్టారు. నేను దాన్ని కవర్లో వేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

"ఏం ఫరవాలేదులే. ఇకమీదట తానం నిదానంగా సేసుకోవొచ్చు. ఫోను మోగుతాదేమోనని తలుపు కాడ ఎట్టుకోనక్కర్లేదు" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆటో ఎక్కాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు మంగళవారం. పాత్రపూర్ షెడ్డులో కూడా కంప్యూటర్ ఉంది, దాని పాస్‌వర్డ్ మార్చాలి. బస్టాండులో నిలబడి అనుకున్నాను, ఇకమీదట బాబాయ్‌కి ఎవరూ ఫోన్ చెయ్యొద్దని గ్రూపులో చెప్పాలి కదా అని. ఆ గ్రూపులో స్టాఫ్ ఉన్నారు, మాకు మిరపకాయలు, మినప్పప్పు ఇచ్చే వ్యాపారులు ఉన్నారు. ఒడియావాళ్లూ తెలుగువాళ్లూ అందరూ ఉన్నారు కాబట్టి ఇంగ్లీషులో పెడితే బాగుంటుందనుకున్నాను. పెద్దాయన గురించి కాబట్టి మర్యాదగా పెట్టాలి. ఊరికే తీసేసినట్టు ఉండకూడదు. అందుకని ముందు ఆయన రిటైర్మెంట్ ఫోటో పెట్టాను. మెడలో దండ. బాబాయ్ ఫోటోల్లో ఎప్పుడూ నవ్వరు, తిన్నగా కెమెరా వైపు చూస్తారు. దాని కింద దండం బొమ్మ.

తర్వాత టైప్ చెయ్యడం మొదలుపెట్టాను. 'విత్ డీప్ రెస్పెక్ట్ అండ్ గ్రాటిట్యూడ్, ఐ ఇన్‌ఫార్మ్ యూ ఆల్ దట్ అవర్ అప్పలస్వామి గారు ఈజ్ నో మోర్' దాకా వచ్చాను. అక్కడ వాక్యం అవలేదు! 'ద కాంటాక్ట్ పర్సన్ ఫర్ ఓటీపీ' అని ఇంకా రాయాలి. ఆయన ఇక ఓటీపీల మనిషి కాదు అని నా ఉద్దేశం. సరిగ్గా అప్పుడే పాత్రపూర్ బస్సు వచ్చింది. జనం ఒక్కసారి తోసుకొచ్చారు. నా వేలు ఎక్కడో పడింది. సగం వాక్యం వెళ్లిపోయింది.

పోతే పోయిందిలే, మిగతా సగం వెనకే పెడతాను, కలిపి చదువుకుంటారు అనుకున్నాను. సీట్లో కూర్చొని మిగతాది టైప్ చేశాను. ఆయన నంబరు పర్మనెంటుగా స్విచ్ ఆఫ్ అయిపోయిందని, దయచేసి ఎవరూ ఫోన్ చేసి ఇబ్బంది పెట్టొద్దని కూడా కలిపి నొక్కాను. ఫోన్ బ్యాగులో పడీసాను. అది వెళ్లిందో లేదో చూసుకోలేదు. వెళ్లలేదు. నెట్ అక్కడే ఆగిపోయింది.

ఇక్కడ గ్రూపులో ఉన్నదేటి? దండ వేసిన ఫోటో. దండం. అప్పలస్వామి గారు ఈజ్ నో మోర్.

పాత్రపూర్ షెడ్డులో సిగ్నల్ ఉండదు. నేను శుభ్రంగా పాస్‌వర్డ్ మార్చి, అప్పడాలు ఒత్తేవాళ్లని కూర్చోబెట్టి క్లాసు తీసుకున్నాను. ఒకావిడ అడిగింది.

"మనకి బాగా తెలిసినోలే పంపితే అమ్మా? అప్పుడు కూడా నమ్మకూడదా?"

"తెలిసినోళ్లు పంపినా సరే. ఫోన్ చేసి గొంతు వినాలి. గొంతు వినకుండా మీ కన్నతల్లి మెసేజ్ అయినా నమ్మొద్దు" అన్నాను. గట్టిగానే అన్నాను. చేతిలో పిండి ఉన్న ఇంకో ఆవిడ బుద్ధిగా తలూపింది.

మధ్యాహ్నం బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. సిగ్నల్ వచ్చింది. బ్యాగులో ఫోన్ ఆగకుండా కొట్టుకోవడం మొదలెట్టింది. తీసి చూశాను. ఓం శాంతి. ఓం శాంతి. వెరీ సాడ్. ఇలాంటి మనిషి మళ్లీ పుట్టరు. ఒకరు రాశారు, 'నిన్నటిదాకా బాగానే ఉన్నారు కదా, ఏటైంది?' కింద ప్రఫుల్ల, 'మౌసాకి నా ప్రణామ్'. వాడు పెద్దవాళ్లందర్నీ మౌసా అంటాడు, మనం బాబాయ్ అన్నట్టే.

ఎవరి గురించి? పైకి వెళ్లి చూద్దామంటే అన్ని మెసేజ్‌ల్లో ఎక్కడికని వెళ్తాను. మధ్యలో ఒకటి దొరికింది. 'అప్పలస్వామి గారి ఆత్మకి శాంతి కలగాలి.'

ఫోన్ మూసేసి, మళ్లీ తెరిచి చదివాను. నిన్న సాయంత్రం నేను వెళ్లి సిమ్ అడిగాను. నా మీద అనుమానమా అన్నారు. రాత్రికి రాత్రే పోయారు! ఇంకేటి ఆలోచిస్తారు చెప్పండి? నేనే చంపీసాను అనుకున్నాను. పొద్దున్న నేను పెట్టిన మెసేజ్ గుర్తుకైనా రాలేదు.

అయినా ఒక్క మంచి పని చేశాను. ఫోన్ చేశాను, నేనే నేర్పిన రూలు కదా. బాబాయ్ నంబరుకి చేశాను. స్విచ్ ఆఫ్. ఇంకేముంది, నిజమే! ఆ సిమ్ కవర్లో నా హ్యాండ్‌బ్యాగులోనే, నా చంక కిందే ఉందన్న సంగతి ఆ నిమిషంలో నాకు తట్టలేదు. సూర్యం గారికి చేశాను, ఎత్తలేదు.

అక్కడే మాకు మిరపకాయలిచ్చే దండాసి గారి కొట్టు ఉంది. నేను రోడ్డు పక్కన నిలబడి ఏడవడం చూసి ఆయన కొట్టు దిగి వచ్చాడు. ఇంగ్లీషు రాదు ఆయనకి. ఫోన్ చూపించాడు.

"ఏటమ్మా, గ్రూపులో దండేసిన ఫోటో ఎట్టారు. అందరూ దండాలెడతన్నారు. స్వామి గారికి ఏటైనా అయినాదేటి?"

మనిషి ఎదురుగా వచ్చి నోటితో అడిగాడు. కంపెనీ సెక్యూరిటీ ఇన్‌ఛార్జినే అడిగాడు. నేనేం చెప్పాను?

"పోయారు దండాసి గారూ" అని బావురుమన్నాను.

ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. మంచోరు, ఏనాడూ తూకంలో మాట పడనీలేదు అన్నాడు. కొట్లోంచి మంచినీళ్లు తెచ్చిచ్చి, నన్ను బస్సెక్కించాడు.

బస్సులో పక్కసీటావిడ ఒడియాలో అడిగింది ఎవరు పోయారని. మా బాబాయ్ అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకొని దిగేదాకా వదల్లేదు. బ్యాగులో ఫోన్ మోగుతూనే ఉంది, ఇంకో ఓం శాంతి వినే ఓపిక లేక తియ్యలేదు. బరంపురంలో దిగి పూలదండ కొన్నాను. ఆటోలో అంకులి వచ్చాను. సందు మొదట్లో మా ఆవకాయ వ్యాను ఆగి ఉంది. అంటే అందరూ వచ్చేశారన్నమాట. ఆఖరికి నేనే మిగిలాను, ఆయన మొహం ఎలా చూడాలి అనుకుంటూ గేటు తోశాను.

వాకిట్లో మా స్టాఫ్ అంతా కూర్చొని ఉన్నారు. చేతుల్లో టీ గ్లాసులు. ప్రఫుల్ల గబగబా లేచి నా దగ్గరికొచ్చాడు.

"దీదీ, మౌసా బాగున్నారు. భల అఛంతి, దీదీ! బాగున్నారు!"

వాడు ఓదారుస్తున్నాడనుకున్నాను. బాగా పోయారు, బాధ పడకుండా పోయారు అంటారు కదా, అలాగన్నమాట. వాణ్ణి పక్కకి జరిపి, దండ పట్టుకొని వరండా మెట్లెక్కాను. తలుపు తెరుచుకుంది. స్వామి బాబాయ్ బయటికొచ్చారు. చేతిలో టీ పళ్లెం ఉంది.

"రా లలితమ్మా. నువ్వొక్కదానివే తక్కువ" అన్నారు.

నేను అరిచానని అంటారు. నాకు తెలీదు. దండ చేతిలోంచి జారి మెట్ల మీద పడింది. ఆయన పళ్లెం కింద పెట్టి, వంగి, దాన్ని తీసి దులిపి, "పూలు బాగున్నాయి. లోపల దేవుడి పటానికి ఎయ్యొచ్చు" అన్నారు.

తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు ఏం జరిగిందో. నా మెసేజ్ చూడగానే సూర్యం గారు బాబాయ్ నంబరుకి చేశారట. స్విచ్ ఆఫ్. ప్రఫుల్ల చేశాడట. స్విచ్ ఆఫ్. అందరూ చేశారు. నేను నేర్పినట్టే ఫోన్ చేసి మరీ నిర్ధారించుకున్నారు! పిన్నమ్మ దగ్గర చిన్న ఫోనుంది కానీ ఆ నంబరు మాలో ఒక్కరి దగ్గరా లేదు. సూర్యం గారు షాపు షట్టర్ దింపేశారు. పండక్కి కూడా పూట మూయని షాపు. అందర్నీ వ్యాన్లో ఎక్కించుకొని, దండలు కొని, ఇక్కడికొచ్చారు.

ఆ టైముకి బాబాయ్ ఇంట్లో లేరు. కొత్త సిమ్ కొనుక్కోవడానికి బజారుకెళ్లారు. కొడుకు రైల్వేలో, డ్యూటీకి వెళ్లిపోయాడు. కోడలు స్కూల్లో టీచరు. ఇంట్లో పిన్నమ్మ ఒక్కతే. వాకిట్లో మంచం మీద వడియాలు పెట్టుకుంటోంది. ఉన్నట్టుండి గేటు తోసుకొని ఇంతమంది, దండలతో, ఏడుస్తూ. మా కౌంటరు పిల్ల ఒకతె పరిగెత్తుకెళ్లి ఆవిడ మెడ పట్టుకొని, "ఎంత పని జరిగిపోనాది పిన్నమ్మా" అందట.

ఇక్కడికొచ్చాక నాకు నవ్వు రాదు. ఏటంటే, ఆవిడ నమ్మేసింది. పొద్దున్న బజారుకెళ్లిన మనిషి. రోడ్డు మీద ఏదో అయిపోయింది, ఈళ్లకి తెలిసింది, నాకు చెప్పడానికొచ్చారు అనుకుంది. వడియాల పిండి చేతులతోనే అలా నేల మీద కూర్చుండిపోయిందట. సూర్యం గారు మంచినీళ్లు తాగిస్తుంటే, బాబాయ్ గేటు తీసుకొని వచ్చారు. చేతిలో మునక్కాడలు. ఇంటి నిండా జనాన్ని చూసి, పిన్నమ్మ నేల మీద ఉండటం చూసి, ఆయన కాడలు వదిలేసి పరిగెత్తారు, ఆవిడకే ఏదో అయిందనుకొని!

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని కాసేపు అలాగే ఉండిపోయారని ప్రఫుల్ల చెప్పాడు. వాడు చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

ఆ తర్వాతే, నేను పాత్రపూర్ రోడ్డు మీద సిగ్నల్లోకి రాగానే, ఆగిపోయిన నా రెండో సగం ఇక్కడ టింగుమని దిగింది. 'ద కాంటాక్ట్ పర్సన్ ఫర్ ఓటీపీ.' సూర్యం గారు దాన్ని పైదాంతో కలిపి, బాబాయ్‌కి ఎదురుగా నిలబడి, గట్టిగా చదివారట. ఎవరూ నవ్వలేదట. బాబాయ్ ఒక్కరే, "వాక్యం కరెక్టే. మజ్జిలో తెగిపోనాది" అన్నారట.

నేను లోపలికెళ్లాను. పిన్నమ్మ వంటింట్లో ఉంది. కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"నీ మీద కోపంగానే ఉన్నాదమ్మా" అంది ఆవిడ. తిన్నగా, మొహం మీదే. "అబద్ధమెందుకు. ఆ కాసేపు నా పేణం నాకాడ లేదు. నాను బతికున్నన్నాళ్లూ మరిసిపోను."

స్టవ్ మీద పాలు పొంగొచ్చాయి. ఆవిడ దించింది. మళ్లీ తనే మాట్లాడింది.

"రాత్రి ఆ సిమ్ము ఇచ్చీసినాక ఆయన అన్నం సరిగా తినలేదు. ఇంకెవులూ పిలవరు గదే అన్నారు. ఏడాది నుంచి మీరు అంకెల కోసమే సేసేవోరు. అయినా ఆయనకి అదే సాలు. ఇయ్యాల షాపు మూసుకొని మరీ వొచ్చారు. పోయారనుకొని వొచ్చారు, సరే. వొచ్చారు గదా." గ్లాసు నా ముందు పెట్టింది. "తాగు. కోపం కోపమే. టీ టీయే."

నేను బయటికి వచ్చేసరికి బాబాయ్ ప్రఫుల్ల ఫోన్లో గ్రూపు మెసేజ్‌లు చదువుకుంటున్నారు, కళ్లజోడు ముక్కు మీదకి దించి. అందరం సిగ్గుతో చచ్చిపోతున్నాం. సూర్యం గారు, "లలితా, అవన్నీ తీసీ ముందు" అన్నారు.

"ఉండనీండి సార్" అన్నారు బాబాయ్. "ఇలాటియి మామూలుగా మనిషికి సదువుకోడానికి దొరకవు." ఒక దగ్గర ఆగారు. "ఇదెవరు? ఏనాడూ ఎవరి మీదా గొంతెత్తలేదు అని రాసినారు. ప్రఫుల్లా, నీ మీద ఎన్నిసార్లు అరిసాను నేను?"

"పోయినోళ్ల గురించి అలాగే రాయాలి మౌసా" అన్నాడు వాడు.

అప్పుడు మొదటిసారి అందరం నవ్వాం. బాబాయ్ కూడా. సూర్యం గారు మాత్రం నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కొని, ఆయన పక్కన కూర్చొని, "ఒక్కసారైనా ఊరికే రావలసింది నేను" అన్నారు. బాబాయ్ ఆయన గ్లాసులో టీ పోశారు.

ఆ సాయంత్రమే నేను రెండు పనులు చేశాను. బయటి వ్యాపారుల్ని స్టాఫ్ గ్రూపులో ఉంచకూడదన్నది కూడా రూలే కాబట్టి, వాళ్లందర్నీ గ్రూపులోంచి తీసేశాను. తర్వాత స్టాఫ్‌కి తెలుగులో, ఒడియాలో క్షమాపణ పెట్టాను. ఈ రెండూ ఏ వరసలో చేశానో గమనించారా? నేనైతే అప్పుడు గమనించలేదు.

సూర్యం గారు కొత్త పద్ధతి పెట్టారు. ఏ పార్టీ అయినా అకౌంట్ మారిందనో, అడ్రస్ మారిందనో మెసేజ్ పెడితే, మన దగ్గర పాతగా ఉన్న నంబరుకి ఫోన్ చేసి మాట్లాడి, నిజమని తేలాకే ఏదైనా మార్చాలి. ఆ ఫోన్లు చేసే పని బాబాయ్‌ది. వారంలో కొన్ని రోజులు వచ్చి, ఆఫీసు ఫోన్లోంచే చేస్తారు. ఓటీపీలు, పాస్‌వర్డులు ఏవీ ఆయన దగ్గర ఉండవు. మాట్లాడటమే పని. పిన్నమ్మ క్యారేజీ కట్టి పంపిస్తోంది.

మొదటి రోజే పాత్రపూర్ దండాసి గారి పేరుతో మెసేజ్ వచ్చి ఉంది, అకౌంట్ మారిందని. బాబాయ్ గొంతు సవరించుకొని ఫోన్ కలిపారు. స్పీకర్ పెట్టారు.

"దండాసీ, నేను స్వామిని."

"ఏ స్వామి?"

"అప్పలస్వామినిరా. ఆవకాయ కంపెనీ."

"ఓరి దొంగా!" అన్నాడు దండాసి గారు. "పోయినోళ్ల గొంతెట్టి మోసం సేస్తావా? గొంతులు కూడా దొంగతనం సేస్తన్నారని ఆ కంపెనీ అమ్మే మాకు సెప్పింది. ఆ అమ్మే నా కాడ ఏడిసింది కూడా." ఫోన్ కట్. మళ్లీ చేస్తే కలవలేదు. మా ఆఫీసు నంబరు బ్లాక్ చేసేశాడు. నా నంబరు నుంచి చేశాను. "నీ గొంతు కూడా దొంగదే" అని అదీ బ్లాక్.

సూర్యం గారు నన్ను చూశారు. నేను బాబాయ్‌ని చూశాను. ఇంక చేసేదేముంది, ఇద్దరం పాత్రపూర్ బస్సెక్కాం. బాబాయ్ కిటికీ పక్కన కూర్చొని, తువ్వాలు తలకి చుట్టుకొని, దారంతా ఏ ఊళ్లో ఏ వ్యాపారి ఎలా బేరమాడేవాడో చెబుతూనే ఉన్నారు. అంత హుషారుగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

దండాసి గారు కొట్లో మిరపకాయల బస్తాల మధ్య నిలబడి, మమ్మల్ని చూసి వెనక్కి ఒక అడుగు వేశాడు. బాబాయ్ దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకున్నారు. దండాసి గారు ఆ చెయ్యి వెచ్చగా ఉందో లేదో చూసుకొని, గడ్డం కింద పుట్టుమచ్చ చూసి, అయినా, "ఆధార్ కార్డు తీయండి" అన్నాడు. బాబాయ్ తీశారు. ఎండలో పట్టుకొని ఫోటోనీ మనిషినీ మార్చి మార్చి చూశాక గానీ ఆయన కళ్లలో నీళ్లు తిరగలేదు. ఇద్దరూ కావిలించుకున్నారు. అకౌంట్ మారిందన్న మెసేజ్ గురించి అడిగితే, "నానేటి మార్సలేదు!" అన్నాడు. అది దొంగ మెసేజే.

త్రుటిలో తప్పింది. మా పద్ధతి పనిచేసింది! సంతోషం పట్టలేక, "చూశారా దండాసి గారూ, ఇందుకే నేను చెప్పేది" అని మొదలుపెట్టాను.

ఆయన నా వైపు తిరిగాడు. మొహంలో నవ్వు లేదు.

"మనిషి పోనాడని ఆ ఫోటో ఎట్టింది నువ్వే గదమ్మా. అడిగితే ఏడిసి మరీ నిజమన్నావు. నీది కూడా తియ్యి."

"ఏటి?"

"కార్డు."

హ్యాండ్‌బ్యాగంతా వెతికాను. గుమ్మరించి వెతికాను. కార్డు ఇంట్లో ఉండిపోయింది.

దండాసి గారు తల అడ్డంగా ఊపి, కొట్టు తలుపు సగం మూశాడు. బాబాయ్ మా ఇద్దరి మధ్యకొచ్చి, ఆయన భుజం మీద చెయ్యేసి, నన్ను చూపించి అన్నారు.

"మా కంపెనీ పిల్లే దండాసీ. లోపలికి రానీ. దీనికి నాది పూచీ."